గర్భంతో ఉన్నప్పుడు కషాయాలు, చూర్ణాలు, ఆకు పసర్లు: ఏది పర్వాలేదు, ఏది వద్దు, ఎలా తేల్చుకోవాలి

చారు పోపులో పడే మెంతులు మనిషికి అర గ్రాము కూడా రావు. షుగర్ తగ్గుతుందని రాత్రి నానబెట్టి పొద్దున్నే నమిలే మెంతులు పది గ్రాములు దాటుతాయి. మొదటిది తిండి, రెండోది మందు. గర్భిణి విషయంలో ఆకు మందుల మంచిచెడ్డలు చాలావరకు ఈ తేడా దగ్గరే తేలిపోతాయి. అందుకే "గర్భిణి మెంతులు తినొచ్చా?" అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. ఎంత తింటున్నారు, ఏ రూపంలో, ఎన్నో నెలలో, వేరే ఏ మాత్రలతో పాటు అని అడిగితేనే జవాబు దొరుకుతుంది. కింద చెప్పేవన్నీ ఈ నాలుగు ప్రశ్నలతోనే చూడండి.

ఇంకో సంగతి. గర్భిణుల మీద మందులను పరీక్షించడం చాలా అరుదు. ఆకులు, వేర్ల విషయంలో మరీ అరుదు. "తరతరాలుగా వాడుతున్నారు" అన్నంత మాత్రాన అది పరీక్షకు నిలిచినట్టు కాదు. ఐదో వారంలో గర్భం పోయినా, బిడ్డ నెల ముందే పుట్టినా, ఆ నెలలో తాగిన కషాయాన్ని ఎవరూ అనుమానించి రాసిపెట్టలేదు. కాబట్టి హాని జరిగినట్టు రుజువు లేదంటే హాని లేదని అర్థం చేసుకోకండి.

ముందు ఇంట్లో ఉన్నవన్నీ కాగితం మీద పెట్టండి

డాక్టరు "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే చాలామంది థైరాయిడ్ మాత్ర పేరు చెప్పి ఊరుకుంటారు. పొద్దున తాగే తిప్పతీగ రసం, జుట్టు కోసం వేసుకునే క్యాప్సూలు, పాలలో కలుపుకునే అశ్వగంధ పొడి వాళ్ల లెక్కలో మందులే కావు. తల్లీబిడ్డల రక్షణ కార్డులో పెట్టుకునేలా ఒక కాగితం తయారు చేయండి. ఒక్కో వరుసలో పేరు, మొక్కలో ఏ భాగం (ఆకా, వేరా, బెరడా, గింజా), ఏ రూపం (కషాయం, పొడి, మాత్ర, నూనె, అరిష్టం), పూటకు ఎన్ని చెంచాలు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎవరిచ్చారు అని రాయండి. సీసా ఉంటే దాని నాలుగు వైపులా ఫోన్లో ఫోటో తీయండి. ఒంటికి రాసుకునే బామ్‌లు, నూనెలు కూడా ఇందులో ఉండాలి.

ఏ భాగం అన్నది ఎందుకంటే, ఒకే చెట్టులో ఆకు తిండి అయితే బెరడు విషం కావచ్చు. మునగ అందుకు మంచి ఉదాహరణ. మునగాకు పప్పు, మునక్కాయ చారు గర్భిణికి మంచి తిండి. మునగ వేరు, బెరడు మాత్రం గర్భాశయం మీద పనిచేస్తాయి, గర్భం పోయే ప్రమాదం ఉంది. పప్పులో ఆకు సరే, కషాయంలో బెరడు వద్దు.

పెద్దవాళ్లు ప్రేమతో కాచి తెచ్చిన గ్లాసును కాదనడం కష్టం. కాదనక్కర్లేదు, అడిగితే చాలు. "అత్తయ్యా, ఏది తాగినా ముందు చెప్పమన్నారు డాక్టరమ్మ. ఇందులో ఏమేం వేశారో చెప్పండి, రాసుకుంటాను" అంటే ఎవరూ నొచ్చుకోరు. ఏమేం వేశారో వాళ్లకే సరిగ్గా తెలియకపోతే, అంటే అది పచారీ కొట్లో పొట్లం కట్టించినదో ఊళ్లో ఎవరో ఇచ్చిన పొడో అయితే, ఆ కారణం ఒక్కటి చాలు పక్కన పెట్టడానికి.

మూడు నెలలు నిండేదాకా

బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజుల లోపే మూసుకుంటుంది. నెలసరి లెక్కన చూస్తే అది ఆరో వారం. చాలామందికి గర్భం అని తెలిసేది అప్పటికే. గుండె, కాళ్లుచేతులు, ముఖం రూపు కట్టడం కూడా పదో వారానికల్లా చాలావరకు అయిపోతుంది. కాబట్టి జాగ్రత్త మొదలవ్వాల్సింది గర్భం కోసం ప్రయత్నించే నెల నుంచే. పీసీఓడీకి వాడే ఆకు మాత్రలు, బరువు తగ్గించే పొడులు, అశ్వగంధ, అశోకారిష్టం లాంటివి ఆ నెలలోనే ఆపి, వాటి బదులు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. మూర్ఛ మందులు వాడేవాళ్లకు, మునుపు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టినవాళ్లకు ఈ మోతాదు ఇంకా ఎక్కువ ఉంటుంది. అది డాక్టరే చెప్పాలి.

మొదటి మూడు నెలల్లో మామూలు వంటను మించి ఏ మొక్కనూ మందుగా తీసుకోకండి. దీనికి ఒక్క అల్లానికే మినహాయింపు ఇవ్వవచ్చు.

వాంతులకు అల్లం: కొలత తెలిసి వాడాలి

వేవిళ్ల మీద అల్లం పనిచేస్తుందని గర్భిణులతో చేసిన పరీక్షల్లో తేలింది. వాటిలో ఎక్కువగా వాడిన మోతాదు రోజుకు ఒక గ్రాము శొంఠి పొడి, 250 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు పూటలు. ఇంటి కొలతలో చెప్పాలంటే, టీచెంచా అంచుకు సమంగా గీస్తే శొంఠి పొడి సుమారు రెండు గ్రాములు పడుతుంది. అంటే రోజు మొత్తానికి అర చెంచా. పావు చెంచా పొద్దున, పావు చెంచా సాయంత్రం, కప్పు వేడినీళ్లలో కలిపి ఐదు నిమిషాలు ఉంచి, తేరాక గుక్క గుక్కగా తాగాలి. పచ్చి అల్లం అయితే రోజు మొత్తానికి తురుము ఒక చెంచా చాలు. ఖాళీ కడుపుతో తాగితే గుండెల్లో మంట వస్తుంది. ముందు ఒక మరమరాల ఉండో రెండు బిస్కెట్లో తినండి.

ఇక్కడ జరిగే పొరపాటు అందరికీ తెలిసిందే. ఒక పూట తగ్గిందని ఐదు పూటలు తాగుతారు, దాని మీద అల్లం మురబ్బా, అల్లం క్యాప్సూలు కూడా. అల్లం రక్తం గడ్డకట్టే గుణాన్ని కొద్దిగా తగ్గిస్తుంది. గర్భస్రావం కాకుండా హెపారిన్ ఇంజెక్షన్లు చేయించుకుంటున్నవాళ్లు, బీపీ పెరగకుండా రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు, రక్తస్రావం కనిపించినవాళ్లు డాక్టరును అడగకుండా మందు మోతాదులో అల్లం తీసుకోకూడదు. సిజేరియన్ తేదీ ఖాయమైతే రెండు వారాల ముందే ఆపేయాలి. కూరలో అల్లం వెల్లుల్లి ముద్దకు ఈ లెక్కలేవీ వర్తించవు.

ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తున్నా, బరువు తగ్గుతున్నా అల్లంతో కాలయాపన చేయకండి. ఆసుపత్రిలో సెలైన్ పెట్టాలి. మామూలు వేవిళ్లకు కూడా విటమిన్ బీ6, డాక్సిలమైన్ కలిసిన మాత్ర ఉంది. గర్భిణుల మీద ఏళ్లుగా వాడి చూసిన మందు అది. అల్లం పనిచేయకపోతే బాధపడుతూ కూర్చోనక్కర్లేదు.

షుగర్ వచ్చిందంటే మెంతులు, కాకర రసం

గర్భంలో షుగర్ అనగానే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేవి ఇవే. మెంతులు నిజంగానే చక్కెరను తగ్గిస్తాయి, చిక్కు కూడా అక్కడే. ఇన్సులిన్ గానీ మెట్‌ఫార్మిన్ గానీ వాడుతూ, చెప్పకుండా రెండు చెంచాల మెంతులు కలిపితే, డాక్టరు లెక్కగట్టిన మోతాదు తప్పుతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు చీకట్లు కమ్మడం వస్తే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు టీచెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. మీటర్ దగ్గర లేకపోతే ముందు పంచదార నీళ్లు తాగేయండి.

మెంతుల్లోని జిగురు మాత్రలను కూడా పట్టేసి ఒంటబట్టకుండా చేస్తుంది, థైరాయిడ్ మాత్రకు ఇది మరీ చేటు. మందు మోతాదులో మెంతులు గర్భాశయాన్ని కదిలించే అవకాశమూ ఉంది. ఇంకో విచిత్రం: కాన్పుకు ముందు మెంతులు ఎక్కువగా తిన్న తల్లుల బిడ్డల మూత్రం, చెమట పాకం వాసన వస్తాయి. అదే వాసన వచ్చే పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటి ఉంది కాబట్టి, పిల్లల డాక్టర్లు కంగారుపడి అక్కర్లేని పరీక్షలన్నీ చేస్తారు. మెంతులు తిన్నట్టయితే కాన్పు గదిలోనే చెప్పేయండి.

కాకరకాయ వేపుడు వారానికోసారి తింటే ఏమీ కాదు. పచ్చి కాకర రసం, ముఖ్యంగా గింజలతో కలిపి తీసింది, గర్భిణికి పనికిరాదు. ఆ గింజల్లోని ప్రొటీన్లకు గర్భాన్ని దెబ్బతీసే గుణం జంతువుల్లో కనిపించింది. పొడపత్రి, నేరేడు గింజల పొడి, వేపాకు రసం కూడా వద్దు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు గురించి బెంగపడకండి. షుగర్ అదుపులో ఉందా లేదా అన్నది అంకెలే చెప్పాలి: పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు. ఆ అంకెలు దాటుతున్నప్పుడు ఇన్సులిన్‌ను వాయిదా వేసి కషాయంతో గడిపితే, బిడ్డ బరువు పెరిగి కాన్పు కష్టమవుతుంది, పుట్టాక బిడ్డకు చక్కెర పడిపోతుంది.

దగ్గు, జ్వరం, మలబద్ధకం

దగ్గు మందు కొనేటప్పుడు సీసా వెనక చదవండి. మూలికల దగ్గు సిరప్‌లలో ఎక్కువ వాటిలో అడ్డసరం ఉంటుంది, వాస, వాసక అని కూడా రాస్తారు. అందులోని వాసిసిన్ అనే పదార్థం ఊపిరితిత్తుల గొట్టాలను విప్పుతుంది, అదే సమయంలో గర్భాశయాన్ని బిగిస్తుంది. పెరట్లో కోసిన అడ్డసరం ఆకు కషాయానికీ ఇదే మాట. అతిమధురం (లేబుల్ మీద యష్టిమధు) ఇంకో దినుసు. దాని తీపికి కారణమైన గ్లైసిరైజిన్ ఒంట్లో ఉప్పును నిలబెట్టి బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. తల్లి ఒంట్లోని కార్టిజాల్ అనే హార్మోన్ బిడ్డకు చేరకుండా మాయలో (ప్లాసెంటాలో) ఒక ఎంజైమ్ అడ్డుపడుతుంటుంది, దాన్ని కూడా ఇది ఆపేస్తుంది. ఫిన్లాండ్‌లో అతిమధురం మిఠాయి బాగా తింటారు. వారానికి 500 మిల్లీగ్రాములకు మించి గ్లైసిరైజిన్ తీసుకున్న తల్లుల్లో నెలలు నిండకముందే కాన్పు అయినవి ఎక్కువగా కనిపించాయి. గొంతు గరగరకు ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించడం, ఆవిరి పట్టడం, వేడినీళ్లలో ఒక చెంచా తేనె చాలు. రెండు తులసి ఆకులు నమిలినా ఫర్వాలేదు. తులసి నూనె చుక్కలు మాత్రం వద్దు. ఏ సువాసన నూనెనైనా నోట్లోకి తీసుకోకూడదు.

జ్వరానికి నేలవేము కషాయం, తిప్పతీగ రసం గర్భిణికి పూర్తిగా నిషిద్ధం. నేలవేముకు గర్భాన్ని పోగొట్టే గుణం ఉంది. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు కోవిడ్ రోజుల్లో మన దేశంలోనే వైద్యులు నమోదు చేశారు. జ్వరానికి పారాసెటమాల్ వేసుకుని, కారణం ఏమిటో పరీక్ష చేయించుకోవాలి. డెంగీ, మలేరియా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఏదైనా కావచ్చు. మూత్రం మంటకు పల్లేరు కషాయం తాగుతూ వారం గడిపేస్తే ఇన్‌ఫెక్షన్ కిడ్నీకెక్కి, నెలలు నిండకముందే నొప్పులు తెస్తుంది. బార్లీ నీళ్లు తాగండి, తప్పులేదు, కానీ మూత్రం కల్చర్ పరీక్షకు ఇచ్చాక.

మలబద్ధకం ఐరన్ మాత్రలతో మరీ పెరుగుతుంది. అప్పుడు సునాముఖి, త్రిఫల, కలబంద రసం, ఆముదం జోలికి పోవద్దు. ఇవన్నీ పేగును బలవంతంగా కదిలించేవి, ఆ కదలిక గర్భాశయానికీ తాకుతుంది, ఒంట్లో నీరు పోతుంది. కలబంద గుజ్జు చర్మానికి రాసుకుంటే మాత్రం ఇబ్బంది లేదు. కడుపులోకి తీసుకోదగ్గది ఇసబ్గోల్. ఒక చెంచా పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి గట్టిపడకముందే తాగి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. నీళ్లు తక్కువైతే అదే పేగులో ఉండకట్టి బాధ పెంచుతుంది. ఐరన్, థైరాయిడ్ మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. టీ, కాఫీ, కరక్కాయ ఐరన్‌ను పట్టేస్తాయి, కాల్షియం మాత్ర కూడా అంతే. వాటినీ ఐరన్ పూటకు దూరంగా పెట్టుకోండి.

నడుము నొప్పికి రాసే బామ్‌లలో చాలావాటిలో మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది, గంధపుర తైలం అంటారు. ఆస్పిరిన్ కుటుంబానిది. ఒక చెంచా స్వచ్ఛమైన గంధపుర తైలం ఏడు గ్రాముల ఆస్పిరిన్‌కు సమానం! నుదుటికి కాస్త రాసుకుంటే ఒంట్లోకి పోయేది తక్కువే. ఐదో నెల దాటాక రోజూ నడుమంతా పట్టించి, పైన వేడి కాపడం పెట్టడం మానేయండి. వేడికి అది చర్మంలోంచి ఇంకా ఎక్కువగా లోపలికి దిగుతుంది.

పచ్చకామెర్లకు పసరు: ఇది ప్రాణం మీది మాట

కళ్లు పచ్చబడ్డాయంటే పసరు పోయించుకోవడానికి పరగడుపున ఊళ్లు దాటి వెళ్లడం ఆంధ్రా, తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ ఉంది. మామూలు మనిషిలో హెపటైటిస్ ఏ, ఈ రకం కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొచ్చింది. గర్భిణిలో ఈ లెక్క తప్పుతుంది. ఏడో నెల తర్వాత హెపటైటిస్ ఈ వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా తల్లులు చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా గర్భిణి కళ్లు పచ్చబడడానికి వైరస్ ఒక్కటే కారణం కాదు. కాలేయానికి కొవ్వు పట్టడం కావచ్చు, బీపీ ముదిరి రక్తకణాలు పగిలిపోవడం కావచ్చు. ఈ రెండింటికీ వైద్యం బిడ్డను వెంటనే బయటకు తీయడమే. పసరు కోసం పోయిన రెండు రోజులూ తిరిగి రావు.

కళ్లు పచ్చబడకపోయినా, అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట నిద్ర పట్టనంత దురద పెడుతుంటే, ఒంటిమీద దద్దు లేకుండా దురద ఒక్కటే ఉంటే, కాలేయ పరీక్ష, బైల్ యాసిడ్స్ పరీక్ష అడిగి చేయించుకోండి. పైత్య రసం రక్తంలో పెరిగినప్పుడు ఇలా అవుతుంది, మరీ పెరిగితే బిడ్డకు ముప్పు. వేప నూనె రాసుకుని ఊరుకునే దురద కాదిది.

సీసా మీద ఏం చదవాలి

భస్మం, సిందూరం, రసం (ఆకు రసం కాదు, పాదరసం), లోహం అనే మాటలు పేరులో ఉంటే అది లోహాలు కలిసిన మందు. దినుసుల జాబితాలో పారదం లేదా కజ్జలి అంటే పాదరసం, నాగ భస్మం అంటే సీసం, హింగులం అంటే ఇంగిలీకం (ఇదీ పాదరసమే), హరితాలం, మనశ్శిల అంటే ఆర్సెనిక్. ఈ పేర్లలో ఒక్కటి కనిపించినా గర్భిణి తాకకూడదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2012లో వెల్లడించిన కేసులు చూడండి. న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం పెరిగింది. ఆరా తీస్తే భారత్‌లో తయారైన పది ఆయుర్వేద మందులు బయటపడ్డాయి. 2008లో అమెరికా పరిశోధకులు ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే, దాదాపు ఐదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది. భారత్, అమెరికా రెండు దేశాల్లో తయారైనవీ వాటిలో ఉన్నాయి. ఇక్కడి నుంచి అమెరికా, గల్ఫ్ వెళ్లే కూతుళ్లకు సూట్‌కేసులో పొడులు సర్దే అమ్మలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

సీసం ఎముకల్లో ఏళ్లతరబడి దాక్కుంటుంది, గర్భంలో ఎముకల నుంచి కాల్షియం కదిలినప్పుడు దానితో పాటు రక్తంలోకి వచ్చి మాయ దాటుతుంది. లక్షణాలేమో కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం, రక్తం తగ్గడం. అన్నీ గర్భంలో మామూలే అనుకునేవే. కాబట్టి గతంలో నెలల తరబడి భస్మాలు వాడినవాళ్లు అడిగి మరీ రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. మట్టి, బలపాలు తినాలనిపించేవాళ్లు కూడా డాక్టరుకు చెప్పాలి. అది రక్తహీనతకు గుర్తు, ఆ మట్టిలోనూ సీసం ఉండొచ్చు.

లైసెన్సు ఉన్న ఆయుర్వేద మందు మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, దినుసుల జాబితా ఉంటాయి. "వైద్యుల పర్యవేక్షణలో వాడవలెను" అన్న హెచ్చరిక ఉంటే అందులో విషగుణం ఉన్న దినుసు ఉందని అర్థం. లైసెన్సు నంబరు లేకుండా 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు మాత్రమే ఉంటే అది ఆహారంగా అమ్ముతున్నది. మందుగా ఎవరూ అనుమతించలేదు. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టినవి, వాటిలో సాధారణంగా 5 నుంచి 10 శాతం దాకా ఆల్కహాల్ దానంతట అదే పుడుతుంది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. గర్భిణికి ఇంత ఆల్కహాల్ ఫర్వాలేదు అనే హద్దేదీ లేదు కాబట్టి దశమూలారిష్టమైనా సరే, కాన్పు అయ్యేదాకా వద్దు. బాలింత కాయం కూడా బాలింతకే, గర్భిణికి కాదు. ఆయుర్వేదమే కావాలనుకుంటే బీఏఎంఎస్ చదివిన వైద్యుల దగ్గరికి, గర్భం సంగతి చెప్పి వెళ్లండి. గర్భిణికి ఏవి నిషిద్ధమో వాళ్ల శాస్త్రంలోనే ఉంది.

మగబిడ్డ పుట్టే మందు

ఆరో వారంలోనో రెండో నెలలోనో ఇస్తారు, పాలలో కలిపి తాగమంటారు. బిడ్డ ఆడో మగో గర్భం నిలిచిన క్షణంలోనే తండ్రి కణంతో తేలిపోయింది, ఏ వేరూ దాన్ని మార్చదు. హర్యానాలో ఇలాంటి మందులను పరిశీలించినప్పుడు శివలింగి గింజల లాంటి వాటిలో హార్మోన్లలా పనిచేసే పదార్థాలు కనిపించాయి, అవి తీసుకున్న తల్లులకు అవయవ లోపాలతో పిల్లలు పుట్టడం, కడుపులోనే బిడ్డ చనిపోవడం ఎక్కువగా ఉంది. మన దగ్గర ఆ తీగ లింగదొండ. ఈ మందు ఎవరిచ్చినా మింగకండి, ఇంట్లో ఒత్తిడి ఉంటే ఏఎన్ఎంకో ఆశా కార్యకర్తకో చెప్పండి.

బొప్పాయి, కుంకుమపువ్వు

బాగా పండిన బొప్పాయి ముక్కలు తింటే గర్భం పోదు. పచ్చిది, దోరది వద్దు. కోసినప్పుడు కారే పాలలోని పదార్థాలు ఎలుకల గర్భాశయాన్ని గట్టిగా ముడుచుకునేలా చేశాయి. పండులో ఆ పాలు దాదాపు ఉండవు. కొనేటప్పుడు తొక్క అంతా పసుపు తిరిగి, తొడిమ దగ్గర గిల్లితే పాలు రాకూడదు. అనాస, నువ్వులు తిండిగా తినేంతలో ఏ ప్రమాదమూ లేదు.

కుంకుమపువ్వు రెండు మూడు రేకులు పాలలో వేసుకుంటే వాసన బాగుంటుంది, బిడ్డ రంగు మాత్రం మారదు. గ్రాముల లెక్కన తింటే విషం, గర్భస్రావం కూడా కావచ్చు. పసుపు కూరలో సరే, కర్క్యుమిన్ క్యాప్సూలు వద్దు. మెరుపు కోసం సీసం ఉన్న రంగు కలిపిన పసుపు బజారులో దొరుకుతుంది కాబట్టి విడి పొడి కొనకుండా, మరీ మెరిసిపోని కొమ్ములు తెచ్చి పట్టించుకోవడం మేలు. వక్క నమిలే అలవాటుంటే మానాలి, బిడ్డ బరువు తగ్గుతుంది.

తొమ్మిదో నెల, నొప్పులు

తేదీ దాటిందని ఆముదం తాగించడం, వాము, జీలకర్ర కషాయం గట్టిగా కాచి పట్టడం పాత పద్ధతి. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం పేగుతో పాటు గర్భాశయంలోని గ్రాహకాలను కూడా ప్రేరేపిస్తుందని 2012లో తేలింది. అంటే పనిచేస్తుంది, కానీ ఎంత బలంగా పనిచేస్తుందో మన చేతిలో ఉండదు. విరేచనాలతో తల్లి నీరసించిపోతుంది. ఇంతకుముందు సిజేరియన్ అయినవాళ్లలో పాత కుట్టు దగ్గర గర్భాశయం చిరిగే ప్రమాదం ఉంది. నొప్పులు తెప్పించాల్సి వస్తే బిడ్డ గుండె చప్పుడు చూస్తూ ఆసుపత్రిలోనే తెప్పించాలి. అడవినాభి దుంపను నూరి బొడ్డుకు, అరికాళ్లకు రాసే అలవాటు ఇంకా ప్రమాదం. అందులో కోల్చిసిన్ అనే విషం ఉంటుంది, తెలియక మింగితే ప్రాణం పోతుంది.

గర్భం వద్దనుకున్నవాళ్లు కూడా నాటుమందుల జోలికి పోకూడదు. గర్భం పూర్తిగా పోక లోపల ముక్కలు మిగిలి, చీము పట్టి చనిపోయేవాళ్లున్నారు. చట్టం ప్రకారం 20 వారాల దాకా, కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా, అర్హత ఉన్న డాక్టర్ల దగ్గర అబార్షన్ చేయించుకోవచ్చు. వివరాలు గోప్యంగా ఉంచాలని అదే చట్టం చెబుతుంది.

ఇప్పటికే తాగేసి ఉంటే

ముందు ఆపండి. వేలు పెట్టి వాంతి చేసుకోవద్దు. ఏది, ఎంత, ఎన్ని రోజులు, నెలసరి లెక్కన ఎన్నో వారం అన్నది రాసి, సీసా లేదా మిగిలిన పొడి పారేయకుండా డాక్టరుకు చూపించండి. తెలియక రెండు మూడు పూటలు తాగిన మామూలు కషాయంతో ఎక్కువ సందర్భాల్లో ఏమీ కాదు, ఆ భయంతో గర్భం తీయించుకోవాల్సిన పని అసలే లేదు. మొదటి నెలల్లో తీసుకున్నవైతే 18 నుంచి 20 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో అవయవాలన్నీ చూస్తారు, ఆ సంగతి స్కాన్ చేసేవాళ్లకు ముందే చెప్పండి. అమెరికాలో ఉన్నవాళ్లు మదర్‌టుబేబీ సేవకు ఫోన్ చేసి ఫలానా మొక్క గురించి అడగవచ్చు. ఇంగ్లండులో బంప్స్ వెబ్‌సైటు ఉంది.

రక్తం కనబడినా, ఉమ్మనీరు కారినా, పొత్తికడుపు విడతలు విడతలుగా బిగుసుకున్నా, బిడ్డ కదలిక తగ్గినా, కళ్లు మసకబారి విపరీతమైన తలనొప్పి వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మందు వల్లే ఏదైనా జరిగిందని అనుమానం ఉంటే, ఆసుపత్రిలో ఫార్మకోవిజిలెన్స్ ఫారం (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసేది) నింపమని అడగండి. లేదా 1800-180-3024కు మీరే ఫోన్ చేసి చెప్పవచ్చు, ఇది టోల్ ఫ్రీ. మందు పేరు, బ్యాచ్ నంబరు అడుగుతారు కాబట్టి సీసా చేతిలో పెట్టుకుని చేయండి.